హెడ్‌ఫోన్‌కి ఎంత యాంప్ కావాలి?

మంచి హెడ్‌ఫోన్ కొన్నవాళ్లు చాలామంది ఆ వెంటనే అడిగేది, "దీనికి ఏ డ్యాక్ కొనాలి?" అని. ఈ ప్రశ్న తలకిందులుగా ఉంది. ముందు చూడాల్సింది చేతిలో ఉన్న హెడ్‌ఫోన్‌ని, తర్వాత యాంప్‌ని, ఆఖర్న డ్యాక్‌ని. ఈ వరుసలో ఆలోచిస్తే చాలామందికి వేల రూపాయలు మిగులుతాయి. కొందరికైతే అసలు ఏమీ కొననక్కర్లేదని తేలుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పాట దానికి అంకెల రూపంలోనే అందుతుంది. ఆ అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చే డ్యాక్, ఆ తరంగానికి బలమిచ్చే యాంప్, రెండూ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి. బల్ల మీద ఎంత ఖరీదైన పెట్టె పెట్టినా దానికి చేయడానికి పనేమీ ఉండదు.

వైరున్న హెడ్‌ఫోన్‌కి ఈ రెండు పనులూ బయట జరగాలి. వాటిలో డ్యాక్ పని దాదాపుగా తీరిపోయిన సమస్య. 1982లో సీడీలు మార్కెట్లోకి వచ్చేటప్పటికే సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కి 16 బిట్లు అని లెక్క స్థిరపడింది. శాంపిళ్ల సంఖ్యలో సగం దాకా, అంటే సుమారు 22,000 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినంతా ఆ లెక్కతో తిరిగి రాబట్టవచ్చు. మనిషి చెవికి వినపడేది 20,000 వరకే, అదీ చిన్న వయసులో. 16 బిట్లతో అత్యంత సన్నని శబ్దానికీ అత్యంత పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ ఎడం దొరుకుతుంది. అట్టపెట్టె మీద 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అని పెద్దక్షరాలతో వేసినంత మాత్రాన పాట మెరుగుపడదు. పాత ఘంటసాల పాటలో టేపు దగ్గరే పోయిన పై స్వరాల్ని ఏ డ్యాకూ వెనక్కి తేలేదు.

చిప్ పేరు చూసి కొనేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎమ్ కంపెనీ చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడింది. డ్యాక్ చిప్‌లకి కరువొచ్చి, చాలామంది తయారీదారులు ఈఎస్ఎస్ అనే మరో కంపెనీ చిప్‌లకి మారారు. ఫియో కంపెనీ కే5 ప్రో అనే పెట్టెని చిప్ మార్చి అమ్మింది. మంచి చిప్‌లన్నీ చెవి పట్టుకోలేనంత శుభ్రంగా పనిచేసే స్థాయికి ఎప్పుడో చేరాయి. చిప్ చుట్టూ ఉన్న సర్క్యూట్‌ని ఎంత శ్రద్ధగా కట్టారన్నదే ఇప్పుడు తేడా తెచ్చేది.

మరి బయటి డ్యాక్ ఎవరికి కావాలి? కంప్యూటర్ జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టి, పాటేమీ పెట్టకుండా మౌస్ కదిపి చూడండి. సన్నగా గరగరమంటే, మదర్‌బోర్డు మీది విద్యుత్ గందరగోళం ఆడియోలోకి దూరుతోందన్నమాట. యూఎస్‌బీ డ్యాక్ ఆ మార్పిడి పనిని కంప్యూటర్ పెట్టె బయటికి తీసుకొస్తుంది కాబట్టి ఈ గొడవ చాలావరకు పోతుంది. దానికి వేలు పోయనక్కర్లేదు. ఆపిల్ వాళ్ల యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ అమెరికాలో 9 డాలర్ల వస్తువు. చిటికెన వేలంత కూడా లేని దాని కొసలో డ్యాక్, యాంప్ రెండూ ఉన్నాయి. అమెరికా మోడల్ సుమారు 1 వోల్టు ఇస్తుంది, యూరప్ మోడల్ అందులో సగం. ఆండ్రాయిడ్ ఫోన్లకి పెడితే చాలావాటిలో వాల్యూమ్ తక్కువగా వస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం హాయిగా సరిపోతుంది.

ఆ 1 వోల్టు మీ హెడ్‌ఫోన్‌కి చాలుతుందా? యాంప్ గురించి తేల్చుకోవాల్సిందంతా ఈ ప్రశ్నలోనే ఉంది. దీనికి హెడ్‌ఫోన్ కాగితంలో రెండు అంకెలు వెతకాలి. ఒకటి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఓముల్లో. రెండోది సెన్సిటివిటీ, అంటే 1 మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నది. కొన్ని కంపెనీలు దీన్ని 1 వోల్టుకి చెబుతాయి, ఆ తేడా గమనించుకోవాలి.

బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో తీసుకుందాం. స్టూడియోల్లో బాగా వాడే హెడ్‌ఫోన్ ఇది. 80 ఓముల రకం, 250 ఓముల రకం రెండూ దొరుకుతాయి, రెండింటి సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. పాటలో మృదంగం దెబ్బ, ఆర్కెస్ట్రా ఒక్కసారిగా లేచే చోటు లాంటి శిఖరాలకి 110 డెసిబెల్స్ అందాలనుకుందాం. అంటే మరో 14 డెసిబెల్స్, అంటే 25 రెట్ల శక్తి. కావాల్సింది 25 మిల్లీవాట్లు. 80 ఓములకి ఆ శక్తి అందించడానికి 1.4 వోల్టులు చాలు, 250 ఓములకి 2.5 వోల్టులు కావాలి. శక్తి ఒకటే అయినా వోల్టులు దాదాపు రెట్టింపయ్యాయి. 1 వోల్టు జాక్‌తో 250 ఓముల రకం 102 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. ఈ కాలపు సినిమా పాటకి అది ధారాళం. నెమ్మదిగా రికార్డు చేసిన కచేరీకి, శాస్త్రీయ సంగీతానికి మాత్రం వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇంకాస్త కావాలనిపిస్తుంది. యాంప్ కొనడానికి సరైన కారణం అదే.

"1,000 మిల్లీవాట్లు" అన్న ప్రకటనకి లొంగిపోవద్దని ఈ లెక్క చెబుతోంది. ఆ అంకె ఎక్కువగా 32 ఓముల దగ్గరిది. మీది 300 ఓముల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓముల దగ్గర ఎంతిస్తుందో అడగండి. అన్ని హెడ్‌ఫోన్లకీ ఇంత శక్తి అక్కర్లేదు కూడా. సెన్సిటివిటీ ఎక్కువున్న ఇయర్‌ఫోన్లకి పెద్ద యాంప్ నిజానికి ఇబ్బందే. నాబ్ కొద్దిగా కదపగానే చెవులు అదిరిపోతాయి. ఆ మొదటి కొసన చవక నాబులు ఎడమ చెవికీ కుడి చెవికీ సమానంగా పంచవు. వెనకాల సన్నని బుస కూడా వినపడుతుంది. గెయిన్ (యాంప్ తరంగాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) తగ్గించే స్విచ్ ఉన్న యాంప్ ఎంచుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

ప్రకటనల్లో అరుదుగా కనిపించే అంకె యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తన వైపు నుంచి ఇచ్చే అడ్డు. నా దృష్టిలో మిల్లీవాట్ల కంటే దీన్నే ముందు చూడాలి. కొన్ని ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ అన్ని స్వరాలకీ ఒకేలా ఉండదు. ఒకచోట 8 ఓములు, మరోచోట 32 ఓములు ఉండొచ్చు. యాంప్ అవుట్‌పుట్ 10 ఓములైతే మొదటి చోటుకి వోల్టేజీలో 44 శాతమే అందుతుంది, రెండో చోటుకి 76 శాతం. తేడా 4.7 డెసిబెల్స్. పాట రంగే మారిపోతుంది. అదే అవుట్‌పుట్ 1 ఓమైతే ఆ తేడా 1 డెసిబెల్ లోపే. అందుకే యాంప్ అవుట్‌పుట్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్న లెక్క వాడుకలోకి వచ్చింది. పాత హోమ్ థియేటర్ రిసీవర్లలో హెడ్‌ఫోన్ జాక్‌కి వందల ఓముల రెసిస్టర్లు పెట్టేవాళ్లు. వాటితో ఇయర్‌ఫోన్‌ని అంచనా వేయొద్దు.

చవకగా మంచి యాంప్ వస్తుందని లోకానికి గట్టిగా చూపించింది పెద్ద కంపెనీ కాదు. ఎన్‌డబ్ల్యూ ఏవీ గై అన్న మారుపేరుతో రాసే ఒక ఇంజినీర్ 2011లో ఓ2 అనే యాంప్ సర్క్యూట్‌ని మొత్తం బయటపెట్టాడు. ఏ భాగం ఎందుకు వాడాడో, ఎలా కొలిచాడో అన్నీ రాశాడు. ఎన్నో రెట్లు ఖరీదైన యాంప్‌ల పక్కన నిలబడే కొలతలు దానివి. 2012లో రాయడం ఆపేశాడు, అసలు ఎవరన్నది బయటికి రాలేదు. ఓ2ని కట్టి అమ్మిన జేడీఎస్ ల్యాబ్స్ తర్వాత 2018లో 99 డాలర్లకి ఆటమ్ అనే యాంప్ తెచ్చింది. అప్పట్లో అదే ధరలో మ్యాగ్నీ అనే మరో యాంప్ ఉండేది, చైనా నుంచి టాపింగ్, ఎస్‌ఎమ్‌ఎస్‌ఎల్, ఫియో కంపెనీల యాంప్‌లు వచ్చాయి. వంద డాలర్ల తరగతిలో ఈ రోజు దొరికే శుభ్రత మీద ఇంకా డబ్బు పోస్తే వచ్చేది అందం, అదనపు జాక్‌లు, సౌకర్యం. వినపడే తేడా కావాలంటే ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టాలి.

ఆటమ్, మ్యాగ్నీ లాంటివాటిని అమెరికా నుంచి అన్నయ్యతోనో కూతురితోనో తెప్పించుకునేవాళ్లు అడాప్టర్ మీది అక్షరాలు తప్పక చదవాలి. ఫోన్ ఛార్జర్ ఎక్కడైనా పనిచేస్తుంది, దాని మీద 100-240 వోల్టులని ఉంటుంది. ఈ యాంప్‌లకి వచ్చేది మామూలు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్. అమెరికాలో కొన్నదాని మీద 120 వోల్టులని ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పైగా అది ఇచ్చేది ఏసీ, మ్యాగ్నీకైతే 16 వోల్టులు. బజారులో దొరికే డీసీ అడాప్టర్ దానికి పనికిరాదు. 230 వోల్టుల అడాప్టర్‌నే అడిగి తెప్పించుకోవాలి. లేదా యూఎస్‌బీతోనే నడిచే డ్యాక్-యాంప్ కొంటే ఈ బెడదే ఉండదు, 80 ఓముల లోపు హెడ్‌ఫోన్లకి చాలావరకు అదే చాలు.

రెండు పెట్టెల్ని పోల్చి చూసే అవకాశం దొరికితే ముందు వాల్యూమ్ సమం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా చెవి దాన్నే "బాగుంది" అంటుంది. 50 హెర్ట్జ్ టోన్ మోగించి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, జాక్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలిస్తే సరి. చవక మీటర్లు కూడా ఆ పౌనఃపున్యం దగ్గర నమ్మకంగా చూపిస్తాయి. తర్వాత ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరిని మార్చమనండి.

యాంప్ ఇంటికొచ్చాక జాగ్రత్త ఒకటుంది. ఇప్పటిదాకా జాక్ పరిమితి కాపాడిన చెవులకి ఇక ఆ అడ్డు లేదు. పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, 90 దగ్గర 4 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెడ్‌ఫోన్ తలకి పెట్టుకునే ముందు నాబ్‌ని సున్నాకి తిప్పండి. యాంప్ స్విచ్ వేసేటప్పుడు, తీసేటప్పుడు చెవుల మీద హెడ్‌ఫోన్ ఉండనివ్వకండి. కొన్ని యాంప్‌లు ఆ క్షణంలో టప్‌మని గట్టిగా కొడతాయి.