గోవా బండ్ల జాతర: ముందు తారీఖు చూడండి

మన షోలాపూర్ గల్లీలల్ల ఇప్పుడు నాలుగైదు ఇండ్లకు ఒక బుల్లెట్ కనబడుతున్నది. చాదర్ కార్ఖానాలో, టవల్ కార్ఖానాలో పనిచేసే పిల్లలు కూడా కిస్తీలు కట్టి కొంటున్నారు. కొన్న తర్వాత ఒక్కసారన్నా గోవాలో వాగాతోర్‌ దగ్గర జరిగే బుల్లెట్ జాతరకు పోవాలని వాళ్ళ ఆశ. పోనీయండి, వయసు అది. దారి 400 కిలోమీటర్లు దాటుతది. హెల్మెట్ పెట్టుకొని, చీకటి పడ్డంక ఘాట్ దిగకుండా పోతే మంచిది. కానీ నేను చెప్పేది దారి సంగతి కాదు, తారీఖు సంగతి.

ఈ జాతర పెట్టేది రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ. మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్లు చేసిన కంపెనీయే. ముందు దీని పేరు రైడర్ మేనియా. 2023 నుంచి మోటోవర్స్ అని మార్చినారు. నవంబర్‌లో మూడు రోజులు, శుక్రవారం మొదలై ఆదివారంతో అయిపోతది.

2024లో దీపావళికి ముందు మా గల్లీ పిల్లలు ముగ్గురు బయలుదేరుతామని చెప్పను వచ్చినారు. ఫోన్‌లో బొమ్మ చూపించినారు. నవంబర్ 24, 25, 26 అని ఉన్నది. సంవత్సరం ఎక్కడా లేదు. 24 నుంచి సుట్టి అడిగినారట, ఒకడు రూముకు అడ్వాన్సు కూడా పంపినాడట. నేను గోడ మీది కాలనిర్ణయ్ తీసి చూసిన. 24 ఆదివారం.

"ఆదివారం మొదలుపెట్టి మంగళవారం ఎత్తేసే జాతర ఎవడన్నా పెడతాడారా? నౌకరీ చేసేటోళ్ళు ఎట్ల వస్తరు?" అన్న.

"ఫోన్‌ల ఉన్నది గద తాతా" అన్నడు పెద్దోడు.

ఫోన్‌ల ఉన్నది నిజమే, కానీ అది పోయిన ఏడాదిది. 2023లో 24 శుక్రవారం. కంపెనీ వాళ్ళదే చూడుమంటే అప్పుడు దొరికింది: 2024లో 22, 23, 24. వీళ్ళు అనుకున్నట్టు 24 పొద్దున బండి ఎక్కితే, అక్కడికి చేరేవరకు చివరి రోజు కూడా అయిపోతుండె.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలె. సుట్టి మార్చుకుంటామని సేఠ్‌లను అడిగితే ఇద్దరికి దొరికింది. మూడోవాని సాంచాలు నడపడానికి ఒప్పుకున్న జోడీదారుకు 22న వీలు కాలేదు. వాడు పోలేదు. రూముకు కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు. పీసు లెక్కన పగార్ తీసుకునేవానికి ఒక్క రోజు నాగా అంటే ఏమిటో మనకు తెలియంది కాదు.

ఇందులో తిరకాసు ఏమిటంటే, మనం తిథులతో పెరిగినవాళ్ళం. మార్కండేయుని రథోత్సవం నారళీ పున్నమికి. తారీఖు ఏటేటా మారుతదని మనకు తెలుసు, కాబట్టి పంచాంగం చూస్తం. సంక్రాంతి జనవరి 14 ప్రాంతంలోనే వస్తది, సిద్ధేశ్వర్ గడ్డ జాతర దానితోపాటే. దానికి పెద్దగా వెతకక్కరలేదు. ఈ బండ్ల జాతర ఆ రెంటిలో ఏదీ కాదు. తిథి పట్టదు, తారీఖు పట్టదు. వారం పడుతది.

వారం లెక్క చాలా సులువు. 365 రోజులంటే 52 వారాల మీద ఒక్క రోజు మిగులు. అందుకే అదే తారీఖు వచ్చే ఏడు ఒక వారం ముందుకు జరుగుతది. మధ్యలో ఫిబ్రవరి 29 పడితే రెండు జరుగుతది. నవంబర్ 24 చూడండి: 2023లో శుక్రవారం, 2024లో ఆదివారం, 2025లో సోమవారం. తారీఖు పక్కన వారం కుదరకపోతే అది పాత కాగితం అనుకోండి.

అమెరికాలో స్టర్జిస్ అనే చిన్న ఊరున్నది. అక్కడ 1938లో మొదలైన బండ్ల జాతర చాలా పేరున్నది. ఈ మధ్య ఏండ్లల్ల అది ఆగస్టు మొదటి శుక్రవారమే మొదలయితున్నది: 2023లో 4, 2024లో 2, 2025లో 1. అట్లా ఉంటే ఇంట్లో కూర్చొనే చెప్పొచ్చు. గోవా దానికి ఆ సౌకర్యం లేదు. 2022లో 18న మొదలైంది, అంటే మూడో శుక్రవారం. 2023లో, 2024లో నాలుగోది. 2025లో మళ్ళీ మూడోది, 21. కాబట్టి "పోయిన ఏడు ఇట్ల ఉండె, ఈ ఏడు ఇట్లే ఉంటది" అనేవాని మాట పట్టుకోవద్దు.

పేర్లతో ఇంకొక గజిబిజి. పాత పేరుతో వెతికితే పాత తారీఖులే ముందు వస్తయి. బుల్లెట్ క్లబ్బుల వాళ్ళు తమంతట తాము జరుపుకునే రైడర్ మేనియా వేరే ఉన్నది. పైగా ఇండియా బైక్ వీక్ అని మరొకటి. 2013లో మొదటిసారి ఫిబ్రవరిలో పెట్టినారు, 2024లో డిసెంబర్ 6, 7. ఆ ఏడు అది కూడా వాగాతోర్‌లోనే జరిగింది! ఊరు ఒకటే కదా అని దాని తారీఖు దీనికి అంటిస్తే మళ్ళీ అదే కథ.

పిల్లలు అడిగితే మీరు వారసగా చూపించండి: జాతర పేరు, సంవత్సరం, తారీఖు, వారం. నాలుగూ పెట్టినవాళ్ళ నోటి నుంచే రావాలె, దోస్తు పంపిన బొమ్మ నుంచి కాదు. టికెట్ చేతికి వచ్చినంకనే రూముకు పైసలు పంపాలె. సేఠ్‌కు ఇచ్చే సుట్టి చిట్టీలో ఉట్టి అంకె కాదు, "22 శుక్రవారం నుంచి" అని వారం కూడా రాయించండి. వారం తప్పుంటే కార్ఖానా గుమాస్తానే పట్టుకుంటడు.