నీటిపై గాలి జాడ

గాలి కంటికి కనబడదు. నీటిపై అది చేసే అలజడిని బట్టి అనుభవజ్ఞుడైన నావికుడు దాని బలాన్ని చెప్పగలడు. కాని నావ లేని చోట చెప్పేవారెవరు? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్ననాడు, నడిసముద్రపు గాలుల కొలతకు నౌకలు పంపే వార్తలే ముఖ్యాధారము.

మరుసటి యేడు, 1978 జూనులో, అమెరికావారు సీశాట్ ఉపగ్రహాన్ని పంపినారు. అందులోని స్కాటరోమీటరు అనే రాడారు పరికరము సముద్రంపైకి ఏటవాలుగా సూక్ష్మతరంగాలను ప్రసరింపజేసింది. నిశ్చలమైన నీరు అద్దము వలె వాటిని ఆవలి దిక్కుకు మళ్లిస్తుంది. గాలి వీచినప్పుడు లేచే సెంటీమీటర్ల పొడవు గల చిరుతరగలు మాత్రము తరంగాలలో కొంత భాగాన్ని వెనుకకు చెదరగొట్టుతాయి. సాధారణంగా గాలి హెచ్చినకొద్దీ ఆ ప్రతిధ్వని హెచ్చుతుంది. ఒకే చోటును వేర్వేరు దిక్కుల నుండి చూచి, ప్రతిధ్వనులను పోల్చి గాలి దిశను నిర్ణయిస్తారు. ఒక్కొక్కప్పుడు దిశ యెదురుబొదురుగా తోచవచ్చును. అప్పుడు చుట్టుపట్ల గాలులే సందేహము తీర్చాలి. జడివాన పడితే కొలతే తారుమారు కావచ్చును.

శ్రీహరికోట నుండి 2009లో ఓషన్‌శాట్-2, 2016లో స్కాట్‌శాట్-1, 2022లో ఓషన్‌శాట్-3 ఇట్టి పరికరాలతోనే వెళ్లినవి. మేఘాలు కమ్మినా, చీకటి పడినా రాడారు చూపు ఆగదు. అయితే ఉపగ్రహము అందించేది జాడ మాత్రమే. దానికి అర్థము చెప్పి, పడవ ఒడ్డు విడువకముందే జాలరి చెవిని వేయవలసినవారు మనుష్యులే.