కాపురం పెట్టేది ఇంట్లోనే

తెలుగులో కాపురమంటే ఒక ఇంట్లో ఉండటం, ఆలుమగలుగా బతకటం కూడా. కొత్త దంపతుల హాస్య నాటకానికి కిటుకు ఆ మాటలోనే ఉంది. అక్కడ తగువు రాజేసేది మనసులకన్నా ముందు ఇల్లు. నీల్ సైమన్ రాసిన ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’ 1963లో న్యూయార్క్‌లో మొదలై 1,530 ప్రదర్శనలు ఆడింది. పెళ్లయి ఆరు రోజులైన కోరీ, పాల్ అయిదంతస్తులు మెట్లెక్కి చేరాల్సిన చిన్న వాటాలో దిగుతారు. సామాను రాలేదు, గది వెచ్చబడదు, కప్పులోని అద్దం పగిలి మంచు లోపలికి రాలుతుంది. టెలిఫోను పెట్టడానికి వచ్చినవాడూ, కోరీ తల్లీ ఆయాసపడుతూనే గుమ్మం దాటుతారు. సగం నవ్వు ఆ ఆయాసానిదే. పాల్ ఆచితూచి నడిచే లాయరు, కోరీ తోచిందే తడవుగా చేసే పిల్ల, గొడవ స్వభావాలది కదా అనవచ్చు. కానీ అవే స్వభావాలతో వాళ్లు ప్లాజా హోటల్లో ఆరు రోజులు హాయిగా గడిపారు. విడాకుల మాట వచ్చింది ఈ వాటాలోకి వచ్చాకే.

సింగపూర్‌లో ఈ సంగతి మరీ స్పష్టం. స్టెల్లా కాన్ 1982లో రాసిన ‘ఎమిలీ ఆఫ్ ఎమరాల్డ్ హిల్’ ఏకపాత్ర నాటకం, పూర్తి హాస్యమూ కాదు. అయినా పద్నాలుగేళ్లకే పెరనాకన్ల (ఆ ప్రాంతంలో తరతరాల కిందటే స్థిరపడ్డ చైనీయ సంతతివాళ్ల) పెద్ద లోగిలికి కోడలైన ఎమిలీ, ఆ ఇంటి తీరు పసిగట్టి, అత్తగారి మెప్పు పొంది నిలదొక్కుకుంటుంది. ఇప్పుడు ఆ దేశవాసుల్లో పదిమందికి ఎనిమిదిమంది దాకా 1960లో ఏర్పడిన ప్రభుత్వ గృహసంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. పెళ్లికానివాళ్లు ఒంటరిగా కొనాలంటే మామూలుగా 35 ఏళ్లు నిండాలి. పెళ్లి నిశ్చయించుకున్న జంటలు ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. 2001లో వచ్చిన బీటీఓ (బిల్డ్ టు ఆర్డర్) పద్ధతిలో చాలావరకు దరఖాస్తుల తరవాతే కట్టడం మొదలవుతుంది, తాళాలు చేతికి రావడానికి ఏళ్లు పడతాయి. అందుకే అక్కడ ‘ఫ్లాట్‌కి పెట్టుకుందామా’ అంటే ‘పెళ్లి చేసుకుందామా’ అన్నట్టే. లిఫ్టూ నీళ్లూ ఉన్న ఇళ్లలో నవ్వుకోవడానికి ఏ ఇబ్బంది మిగిలిందని అడగవచ్చు. ఎదురుచూపు మిగిలింది. పెళ్లయ్యీ తాళాలు అందక, అమ్మానాన్నల ఇంట్లో మూసిన తలుపు వెనక గుసగుసగా పోట్లాడుకునే జంటకు ఆ ఎదురుచూపే కోరీ, పాల్ ఎక్కిన అయిదంతస్తుల మెట్లు.

సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. అక్కడ కలం పట్టిన తెలుగువారికి నా విన్నపం: న్యూయార్క్ మంచును అరువు తెచ్చుకోకండి. ఒక అద్దె గది, తాళాల కోసం చూస్తున్న జంట, రెండు నెలలకని ఊరి నుంచి వచ్చిన అత్తగారు. ముందు ఆ గది కొలతలు రాసుకుని, తరవాత సంభాషణలు మొదలుపెట్టండి.