అక్షహృదయం

శ్రమతో సాధించలేనిదానిని అదృష్టంతో పొందాలని మానవుడు అనాదిగా ఆశపడుతూనే ఉన్నాడు. హరప్పా, మొహంజొదారో తవ్వకాలలో లభించిన ఘనాకారపు పాచికలే ఇందుకు నిదర్శనం. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం జూదరి దైన్యాన్ని కళ్ళకు కట్టించి, జూదం మాని సేద్యం చేసుకొమ్మని హితవు పలికింది. అయితే సేద్యమే వానతో ఆడే జూదమైన సీమలు కూడా ఉన్నాయి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఉండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర ప్రాంతం అటువంటిదే. అక్కడి మెట్టరైతు వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూస్తాడు. ఫలితం ఎంతవరకు మన చేతిలో ఉంటుంది? ఈ ప్రశ్న రైతుకూ ఉంది, జూదరికీ ఉంది. పాచికల విషయంలో దీనికి సమాధానం వెదకడం ఆసక్తికరం.

పాచిక నేర్పరి చేతికి లొంగుతుందన్న నమ్మకం మన భాషలోనే స్థిరపడింది. ఎత్తుగడ ఫలిస్తే 'పాచిక పారింది' అంటాం. భారతకథలో శకుని ఈ నేర్పుకు ప్రతీక. ఆ పాచికలను అతడు తన తండ్రి ఎముకలతో చేయించాడని జానపదుల కథ. అంటే జానపదులు మాయను చేతిలో కాక పాచికలోనే చూశారన్నమాట. నన్నయ తెనిగించిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మరొక దారి చూపుతుంది. సర్వస్వం ఓడిన నలునికి ఋతుపర్ణుడు 'అక్షహృదయం' అనే విద్యను ఉపదేశించాడు. ఆ ఋతుపర్ణుని ప్రజ్ఞ చేతి విసురులో లేదు. తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ లెక్కించి చెప్పగల సంఖ్యాజ్ఞానంలో ఉంది. ఈ సూక్ష్మం గమనింపదగినది.

మన పల్లెల్లో అష్టాచెమ్మ ఆడేవారు గవ్వలనో, అరగదీసిన చింతపిక్కలనో వేస్తారు. గవ్వకు ఒకవైపు ఉబ్బు, మరొకవైపు నోరు. రెండు వైపులూ సమానం కావు కనుక అది వెల్లకిలా పడే అవకాశమూ, బోర్లా పడే అవకాశమూ సమానంగా ఉండనవసరం లేదు. కొన్ని పందేలు తరచుగా పడటానికి అది గవ్వ స్వభావమే కావచ్చు. చూసేవారు దానినే ఆటగాని హస్తవాసిగా భావిస్తారు.

సమఘనమైన పాచిక సంగతి వేరు. దాని గమనం కూడా భౌతికశాస్త్ర నియమాలకు లోబడినదే. పోలండ్ శాస్త్రవేత్త కపిటానియాక్, ఆయన సహచరులు 2012లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, విసిరే క్షణంలో పాచిక ఉన్న స్థితి, వేగం, భ్రమణం అత్యంత కచ్చితంగా తెలిస్తే ఫలితాన్ని ముందుగా చెప్పవచ్చు. కాని బల్లకు తగిలి ఎగిరిన ప్రతిసారీ ఆరంభంలోని అతిస్వల్ప భేదం పెరిగిపోతుంది. పాచికను దొర్లనీయక జార్చితే అది చేతికి లొంగవచ్చు; అది నేర్పు కాదు, మోసం. అమెరికా కాసినోలలో ఆడే 'క్రాప్స్' ఆటలో పాచికలు ఎదుటి గోడకు తగలాలన్న నియమం ఇందుకే. ఆ గోడకు పిరమిడ్ ఆకారపు రబ్బరు బుడిపెలు ఉంటాయి.

ఆ ఆటలో రెండు పాచికలు కలిపి విసురుతారు. సాధ్యమైన 36 ఫలితాలలో 6 సార్లు మొత్తం ఏడు వస్తుంది. అంటే సగటున ఆరింట ఒకసారి. జూదంపై గ్రంథాలు రాసిన స్టాన్‌ఫర్డ్ వాంగ్ 2004లో, నేర్పుతో విసిరి ఏడును తగ్గించవచ్చునని పందెం కట్టాడు. 500 విసురులలో సుమారు 83 సార్లు రావలసిన ఏడు 74 సార్లే వచ్చింది. పందెం గెలిచాడు. కాని ఏ నేర్పూ లేనివారు విసిరినా అంత తక్కువ ఫలితం దాదాపు ఏడింట ఒకసారి వస్తుంది. కనుక అది నేర్పుకు రుజువు కాజాలదు. 2009 మే 23న అట్లాంటిక్ సిటీలో ఒక మహిళ ఓడకుండా వరుసగా 154 సార్లు పాచికలు విసిరింది. ఆమె ఆరితేరిన ఆటగత్తె కాదు. ఆ ఆటకు కొత్త! లక్షలాదిమంది ఆడేచోట ఎప్పుడో ఒకరికి ఇటువంటి అరుదైన వరుస దక్కుతుంది. గెలిచిన ఆ ఒక్కరిని లోకం తలచుకొంటుంది, ఓడినవారిని లెక్కపెట్టేవారుండరు.

నేర్పుకు చోటున్న ఆటలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1967లో, పడిన ముక్కలను గుర్తుంచుకోవలసి ఉండడం వల్ల రమ్మీలో నైపుణ్యానిదే ప్రాధాన్యమని తీర్పు చెప్పింది. గోడకు తగిలి దొర్లే పాచికకు అటువంటి జ్ఞాపకమూ లేదు, ఆలోచనకు చోటూ లేదు. నిన్న పడిన పందెం నేటి పందేన్ని నిర్ణయించదు.

మడకశిర రైతు వానను శాసించలేడు. కాని కుంట తవ్వి పడిన చినుకును నిలుపుకోగలడు. అదను చూసి విత్తగలడు. ఒకే పంటను నమ్ముకోక కంది, రాగులను కలిపి వేయగలడు. అతని నేర్పు ఫలితాన్ని కొంతైనా మారుస్తుంది. పాచిక విసిరేవాని నేర్పు అతని నమ్మకాన్ని మాత్రమే పెంచుతుంది. ఈ రెండింటికీ గల భేదాన్ని లెక్కతో తెలుసుకోవడమే నేటి యువతకు నిజమైన అక్షహృదయం.