పండుగ విందులో బంగాళాదుంప: ఆరోగ్యం ఎవరికి?

అమెరికాలో ఏటా నవంబరు నెల నాల్గవ గురువారం నాడు 'థాంక్స్‌గివింగ్' అనే పండుగ జరుపుకొంటారు. ఆనాటి విందులో టర్కీ కోడి మాంసం ప్రక్కన తప్పక కానవచ్చే వంటకం 'మాష్‌డ్ పొటాటో', అనగా ఉడికించి, వెన్న, మీగడ చేర్చి మెదిపిన బంగాళాదుంప. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెక్కింటికి నేడు ఇది పరిచితమే.

ఐతే ఆ విందుకు వచ్చినవారిలో గుండెజబ్బు గల తాతగారుండవచ్చు, మధుమేహం గల పిన్నిగారుండవచ్చు. "ఇది మీకు కూడదు" అని గిన్నెను వారి ముందునుండి తప్పించడం ఎంత బాధాకరమో, ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ చేరి భుజించే మనకు వేరుగా చెప్పనవసరం లేదు. కావున ఈ వంటకాన్ని ఆరోగ్యకరంగా చేయుట ఎట్లో పరిశీలింతము.

మొదట దోషం ఎక్కడున్నదో చూడవలెను. 100 గ్రాముల ఉడికిన దుంపలో సుమారు 87 కేలరీలుంటాయి, కొవ్వు నామమాత్రం. 100 గ్రాముల వెన్నలోనో 700కు పైగా కేలరీలు. దాని బరువులో సగం సంతృప్త కొవ్వే. కనుక గుండెజబ్బు గలవారికి తగ్గించవలసినవి వెన్న, మీగడ, ఉప్పు. దుంపలతోపాటు నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఉడికించి, వేడి పాలు, ఒక చెంచా ఆలివ్ నూనె చేర్చి మెదిపితే రుచి నిలుస్తుంది. పొయ్యి మీదనుండి దించిన పిదప చిక్కని పెరుగు కలిపితే మీగడ లోటు తీరుతుంది. మెదుపుటకు పప్పుగుత్తి చాలు. మిక్సీలో వేస్తే దుంపలోని కణాలు చిట్లి, పిండిపదార్థం వెలికివచ్చి, ముద్ద జిగురుగా మారుతుంది.

మధుమేహం గలవారికి ఇంతమాత్రం చాలదు. వెన్న తగ్గినను పిండిపదార్థం తగ్గదు గదా! వారికై సగం దుంప, సగం కాలీఫ్లవర్ ఉడికించి మెదపవలెను. ఉడికిన దుంపలో నూటికి 20 వంతులు పిండిపదార్థాలుండగా, కాలీఫ్లవర్‌లో సుమారు 4 మాత్రమే. ఈ మిశ్రమంలో అవి దాదాపు 40 శాతం తగ్గుతాయి. అయినను పరిమాణంలో మితం తప్పదు.

దుంపను తొక్కతోనే మెదిపితే పీచుపదార్థం దక్కునని సాధారణంగా చెప్పే సలహా మంచిదే. కాని పొటాషియం తగ్గించుకొమ్మని వైద్యుడు చెప్పిన మూత్రపిండాల రోగికి అది తగదు. వారికోసం తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, విస్తారమైన నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయవలెను. పొటాషియంలో కొంత భాగం నీటితో పోతుంది. ఉప్పుకు బదులుగా అమ్మే పొడులలో తరచు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. గుండెకు మేలని వాడిన ఆ పొడియే ఇట్టివారికి ప్రాణాపాయం కలిగించవచ్చు.

దీనినిబట్టి అందరికీ ఒకే విధంగా మేలు చేసే వంట లేదని స్పష్టమగుచున్నది. మన ఇండ్లలోని ఆలుగడ్డ కూరకు సైతం ఇదే వర్తిస్తుంది. విద్యార్థి మిత్రులు సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు పండుగ వంటకు పూనుకొనే ముందు, భోజనానికి ఎవరెవరు కూర్చుంటారో, వారిలో ఎవరికి ఏ పథ్యమున్నదో పెద్దలనడిగి తెలిసికొందురు గాక! అప్పుడు ఎవరి ముందునుండీ గిన్నె తప్పించవలసిన అగత్యముండదని మా ఆకాంక్ష.