పెరటి మొక్క, గట్టు మీది ఆకు: చేతితో నేర్చుకుందాం, జాగ్రత్తగా వాడుకుందాం



తొలకరి పడిన పదిహేను ఇరవై రోజులకు మా ఓ.పి. వరండాలో ప్రతి ఏడూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. రక్తం తక్కువగా ఉందని మేము చెప్పి పంపిన తల్లి మళ్ళీ చూపించుకోవడానికి వస్తూ గుప్పెడు ఆకు కొంగున ముడేసుకొని తెస్తుంది. "ఇది మా అత్తమ్మ వండేది. తింటే రక్తం పడుతుందంటారు. తినొచ్చా సిస్టరమ్మా?" అని అడుగుతుంది. చాలాసార్లు ఆ ఆకు పేరు మా నర్సులకే తెలియదు. అత్తమ్మకు తెలుసు. కాని అత్తమ్మ చేను గట్టుకు వెళ్ళడం మానేసి చాలా కాలమైంది.

ఆ ప్రశ్నకు జవాబుగా మేము మూడు పూటల శిక్షణ మొదలుపెట్టాము. ఇందులో పాఠం చెప్పడం తక్కువ, చేయించడం ఎక్కువ. మొదటి పూట గట్టు మీద ఆకు గుర్తుపట్టడం, రెండో పూట వండడం, మూడో పూట ఎండబెట్టి నిల్వ చేయడం. వీటన్నిటితోపాటు ఏ జబ్బుకు ఇంటి మందు సరిపోతుంది, ఎక్కడ ఆగి ఆసుపత్రికి రావాలి అన్నది కూడా నేర్పుతాము. రాలేకపోయిన కుటుంబాల కోసం ఆ విషయాలు ఇక్కడ రాస్తున్నాము.

ఇది కొత్త విద్య కాదు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పేరు మీలో చాలామంది విని ఉంటారు. విత్తకుండా, నీరు పెట్టకుండా, చేలో వాటంతట అవే మొలిచే ఆకుకూరలను అక్కడి మహిళా రైతులు కలుపుగా చూడరు. వాటిని పంటలో భాగంగా లెక్కిస్తారు. పాత పంటల జాతరలో ఎద్దుబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగి చూపిస్తారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చదువు రాని స్త్రీల చేతుల్లో ఉన్న విద్యకు దక్కిన గౌరవం అది.

మనకు ఈ విద్య అవసరం కూడా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువే. ఆకుకూర కొనలేని ఇంటికి గట్టు మీది ఆకు పైసా ఖర్చు లేని కూర.

మొదటి పూట: గట్టు మీద నడక

నడక మొదలుపెట్టిన అరగంటలోనే ఒక సంగతి బయటపడింది. ఒక ఊరి అమ్మ "గలిజేరు" అని ఒక ఆకు తెంపింది. పక్క ఊరి అమ్మ "గలిజేరంటే అది కాదు, ఇది" అని మరో ఆకు చూపింది. ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఎర్ర గలిజేరు వేరు, తెల్ల గలిజేరు వేరు; ఊరిని బట్టి ఆ పేరు ఒకదానికి నిలిచిపోయింది. అలాగే ఒకే ఆకును ఒకచోట గంగవాయిలి కూర అంటారు, మరోచోట పావిలికూర అంటారు. అందుకే పేరు విని గాని, ఫోనులో బొమ్మ చూసి గాని ఆకు తెంపకూడదు. ఆకును చేతిలోకి తీసుకోవాలి. కాడ విరిచి, నలిపి, వాసన చూడాలి. తినదగిన మొక్కనూ, దానిలా కనిపించే మొక్కనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మేము చేయించిన మూడు పరీక్షలు ఇవి:

1. గంగవాయిలి: కాడ లావుగా, నున్నగా, నీరు నిండినట్టు ఉంటుంది. ఆకు దళసరి, రుచి కాస్త పులుపు. నేలబారున పాకే నానబాల జాతి మొక్కలు దూరానికి దీనిలాగే ఉంటాయి. కాని వాటి కాడ సన్నం, విరిస్తే తెల్లని పాలు వస్తాయి. పాలు వస్తే అది గంగవాయిలి కాదు.

2. తుమ్మి: కాడ పలకలుగా ఉంటుంది. వేళ్ళ మధ్య దొర్లిస్తే ఆ పలకలు తెలుస్తాయి. పువ్వు తెల్లగా, చిన్నగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది.

3. గునుగు: బతుకమ్మలో పేర్చే పువ్వు ఈ మొక్కదే. కూరకు మాత్రం పువ్వు రాకముందు లేత ఆకే తెంపాలి.

ఒక పరీక్షతోనే ఏ మొక్కనూ నమ్మకూడదు. ఆ ఆకును ఇదివరకు వండి తిన్నవారు ఇద్దరైనా చూసి "ఇదే" అనాలి. ఒక్కరికి అనుమానం ఉన్నా వదిలేయాలి. మురుగు కాలువ పక్కన, పెద్ద రోడ్డు అంచున, కలుపు మందు లేదా పురుగు మందు కొట్టిన చేలో ఆకు తెంపకూడదు. ముఖ్యంగా పత్తి చేల గట్ల మీద ముందు ఆ రైతును అడగండి. వేరుతో పీకవద్దు, చివుళ్ళు తెంపితే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) ఉన్నచోట ఒంటికి తగలకుండా చూసుకోండి. దానివల్ల చాలామందికి దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

రెండో పూట: పొయ్యి దగ్గర

ఆకును మూడు నాలుగు నీళ్ళలో కడిగి, ఆ తరువాతే తరగాలి. తరిగాక కడిగితే కొన్ని విటమిన్లు నీటితో పోతాయి. పప్పులో వేసి వండడం అన్నిటికంటే మేలు. దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. కనీసం గంట ఆగి తాగండి.

ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానవద్దు. రక్తం బాగా తక్కువైనప్పుడు కూర ఒక్కటే సరిపోదు. కూర మాత్రకు తోడు మాత్రమే.

కొందరు రోగులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. గుండె కవాటం ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్రలు వాడేవారు ఒక్కసారిగా ఆకుకూరలు పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్ర పనిని మారుస్తుంది. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారికి గంగవాయిలి, పాలకూర వంటివి ఎక్కువైతే మంచిది కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ ఆకు ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

మూడో పూట: ఎండబెట్టడం, నిల్వ చేయడం

వానాకాలంలో దొరికినది వేసవికి దాచుకోవడం మన పెద్దల తెలివి. మునగాకును కడిగి, శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. గలగలలాడేలా ఆరాక పొడి చేసి, తడి లేని డబ్బాలో పెట్టుకోవాలి. ఈ పొడిని పప్పులో, పిల్లల జావలో ఒక చెంచా కలపవచ్చు. టమాటా, మామిడి ఒరుగులు మాత్రం బాగా ఎండలోనే ఎండాలి. పచ్చడి ముక్కల పైన నూనె ఎప్పుడూ తేలుతూ ఉండాలి, జాడీలో తడి గరిటె పెట్టకూడదు. రక్తపోటు ఉన్నవారు పచ్చళ్ళు, ఉప్పు వేసిన ఒరుగులు, అప్పడాలు బాగా తగ్గించుకోవాలి.

బూజు విషయంలో పొదుపు చేయవద్దు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల్లోని గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వందమందికి పైగా చనిపోయారు. ఆ బూజు విషం పేరు అఫ్లాటాక్సిన్. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. వేరుశనగ, మొక్కజొన్న గింజల మీద పచ్చని లేదా నల్లని బూజు కనబడితే ఏరి వాడుకోకుండా పారవేయండి. పశువులకూ పెట్టవద్దు.

ఇంటి మందు ఎంతవరకు?

ఇంటి మందును మేము తీసిపారేయము. జలుబు, దగ్గుకు అల్లం, తులసి కషాయం ఉపశమనం ఇస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు ఒక చెంచా తేనె ఇవ్వవచ్చు; ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించనే కూడదు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచాలు తల కొట్టి కొలవాలి.

కాని రెండు రోజుల్లో తగ్గని జ్వరం, రక్త విరేచనాలు, ఆయాసం, పాలు తాగని పసిబిడ్డ: వీటిలో ఏది ఉన్నా ఇంటి మందు ఆపి వెంటనే రండి. పుట్టిన బిడ్డ బొడ్డు మీద బూడిద, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. పాము కరిస్తే పసరు కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషానికి విరుగుడు ఆసుపత్రిలోని ఇంజక్షనే.

కామెర్లకు పసరు: మేము మరువలేని పాఠం

కామెర్లు ఒక జబ్బు పేరు కాదు, లోపల ఉన్న జబ్బు బయటికి చూపే గుర్తు. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. నేల ఉసిరి మీద శాస్త్రజ్ఞులు కూడా ఆశ పెట్టుకున్నారు. హెపటైటిస్ బి ఉన్నవారిలో అది బాగా పనిచేసినట్టు 1988లో మద్రాసు వైద్యుల పరిశోధన ఒకటి లాన్సెట్ పత్రికలో వచ్చింది. తరువాతి పరిశోధనల్లో ఆ ఫలితం నిలబడలేదు. అన్నిటినీ కలిపి పరిశీలించిన 2011 నాటి కోక్రేన్ సమీక్షకు కూడా నమ్మదగిన ఆధారం దొరకలేదు.

కొన్నేళ్ళ క్రితం మా వార్డుకు ఒక రైతు వచ్చాడు. నెల రోజులు పసరు తాగాడు, చేతి మీద వాతలు పెట్టించుకున్నాడు. ఒళ్ళంతా దురద, మలం సున్నంలా తెల్లగా వస్తోంది, చలిజ్వరం. అతని పిత్తనాళంలో రాయి అడ్డుపడింది. ఏ ఆకూ ఆ రాయిని కదిలించలేదు. పెద్ద ఆసుపత్రికి పంపి రాయి తీయిస్తే కోలుకున్నాడు. మొదటి వారమే వచ్చి ఉంటే ఆ నెల బాధ, ఆ అప్పు తప్పేవి. అతని భార్య ఇప్పుడు మా నడకలో అందరికంటే ముందు ఉంటుంది. "నాకు ఆకులన్నీ తెలుసమ్మా, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు" అంటుంది.

కామెర్లు కనబడితే ముందు రక్త పరీక్ష చేయించండి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. కొన్ని రకాల కామెర్లు తల్లి ప్రాణానికే ముప్పు. కంట్లో, ముక్కులో పసరు పోయించుకోవద్దు.

మంచి పేరున్న మూలికల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ వాడిన 6గురిలో కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వారు వాడినది తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ప్రశ్నించింది. ఏది నిజమైనా పాఠం ఒక్కటే: గుర్తుపట్టడంలో చిన్న పొరపాటు జరిగినా, రోజూ వాడినా మేలు చేయవలసిన మొక్కే కీడు చేయవచ్చు. ఏ ఆకు మందు వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. మేము కోప్పడము.

పిల్లలకు చూపించి, వద్దని నేర్పవలసిన మొక్కలు

• పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు: కాయ, ఆకు, వేరు అన్నీ విషమే. గుండె లయ తప్పుతుంది.
• గురివింద గింజలు: నమిలి మింగితే ప్రాణాపాయం. పిల్లల మెడలో దండలుగా వేయవద్దు.
• ఉమ్మెత్త: నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, మతి తప్పుతుంది.
• కంచెల్లో పెరిగే అడవి ఆముదం: గింజ రుచిగా ఉందని పిల్లలు తింటారు. ఆగని వాంతులు, విరేచనాలు అవుతాయి.
• అగ్నిశిఖ (అడవినాభి): పువ్వు అందంగా ఉంటుంది, దుంప విషం. తినే దుంప అని పొరబడవద్దు.

ఎవరైనా తింటే ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. నోటిలో మిగిలినది తీసివేసి, 108కి ఫోను చేసి వెంటనే బయలుదేరండి. తిన్న మొక్క కొమ్మ, కాయ ఒక సంచిలో వేసుకొని తప్పకుండా తీసుకురండి. అది చూస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో ఆకు తెలిసిన అవ్వ, అమ్మమ్మ ఉంటే ఈ వానాకాలంలోనే ఆమె చెయ్యి పట్టుకొని గట్టు దాకా వెళ్ళండి. ఆమె ఏ ఆకు తెంపుతుందో, ఏ ఆకు దాటి పోతుందో రెండూ చూడండి. ఎందుకు దాటిపోయిందో కూడా అడిగి తెలుసుకోండి. తెంపిన ఆకు మీద అనుమానం ఉంటే వండకముందే మా దగ్గరకు తీసుకురండి. మా నర్సులు ఇప్పుడు చాలా ఆకులు గుర్తుపడుతున్నారు. తెలియనివి మీ అత్తమ్మలనే అడిగి నేర్చుకుంటున్నారు.