శీతకాలమున ఉలవచారు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన కృత్తివెన్ను ప్రాంతమున వేకువను మంచు కురియును. ఇట్టి దినములలో ఉలవచారును తలపనివారు కృష్ణాతీరమున అరుదు. ఆయుర్వేదమున ఉలవలను కులత్థములనియు, ఉష్ణగుణము కలవనియు చెప్పుదురు. అవి మన నేల పంట మాత్రము కావు. డెల్టా చివరనున్న పల్లపు చవుడునేల వానికి సరిపడదు. మెట్టప్రాంతములనుండి రావలసినదే.

పూర్వము ఈ చారు పశువుల కొట్టమునుండి వంటయింటికి వచ్చినది. అరక లాగు ఎద్దులకు, పాడిగేదెలకు ఉలవలు ఉడికించి పెట్టెడివారు. గింజ పశువునకు, కట్టు మనుష్యునకు. ఆ పంపకమున ఏదియు వ్యర్థము కాలేదు. నేడు దుక్కి ట్రాక్టరుల పాలయినది. వరిచేలు పెక్కు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. ఎద్దుల జతలు కనబడుటయే అరుదు. అయినను కట్టు వంచుకొని గింజను పెంటపై పారవేయు అలవాటు కొన్ని యిండ్లలో పోలేదు. నేను చెప్పదలచినది ముఖ్యముగా ఈ విషయమే. నూరు గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. వానిలో అధికభాగము గింజలోనే నిలుచును గాని కట్టులోనికి దిగదు. బలమునకని కట్టు త్రాగి, బలమును పారవేయుచున్నాము.

ఇక వంట. సోలెడు ఉలవలను రాళ్లేరి, కడిగి, రాత్రియంతయు నానబెట్టవలెను. ఉదయమున ఎనిమిది సోలల నీటితో సన్నని సెగపై గింజ పగులువరకు ఉడికింపవలెను. పూర్వము పిడకల దాలిపై కుండ నుంచి మరచిపోయెడివారు. ఆ రుచి గ్యాసుపొయ్యి మీద త్వరపడిన రాదు. నీటి విషయమున జాగ్రత్త వహింపుడు. మన బోరునీరు పలుచోట్ల ఉప్పన. అట్టి కఠినజలమున పప్పుగింజ ఎంతకును మెత్తబడదు. మంచినీళ్ల చెరువు నీరుగాని, శుద్ధిచేసిన నీరుగాని వాడవలెను. చింతపండును ముందుగా వేయరాదు. పులుపు తగిలిన గింజ బిర్రబిగియును.

ఉడికిన పిమ్మట కట్టు వార్చి, గింజలలో సగము మెత్తగా రుబ్బి ఆ కట్టులోనే కలుపుడు. చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిరప, పసుపు, ఉప్పు, కొంచెము బెల్లము చేర్చి చిక్కబడువరకు మరగించి, ఆవాలు, జీలకఱ్ఱ, వెల్లుల్లి, ఎండుమిరప, కరివేపాకులతో పోపు పెట్టవలెను. మిగిలిన సగము గుగ్గిళ్లుగా తాలింపు వేసిన పిల్లలు ఇష్టముగా తిందురు. వేడి అన్నములో చారు పోసికొని పైన వెన్నగాని మీగడగాని వేసికొనుట మన పద్ధతి. ఇప్పుడు విందులలో ఉలవచారు బిరియానీ యను వింత యొకటి బయలుదేరినది; దాని జోలికి నేను పోను.

రక్తపుపోటు కలవారు ఉప్పు తగ్గించుకొనవలెను. మూత్రపిండముల జబ్బు కలవారు వైద్యుని అడిగియే తినవలెను. పండ్లు లేని వృద్ధులకు గింజలన్నియు రుబ్బి కలిపిన చారే మేలు. మరునాటికి అది గట్టిపడును. కొంచెము వేడినీరు పోసి మరల తెర్లించి వడ్డింపవచ్చును.